చెబితే చదువు ఆగిపోతుంది

(మచిలీపట్నంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కళాశాల విద్యార్థినుల మానసిక ఆరోగ్యం గురించి ఈ సమావేశంలో మాట్లాడమని అడిగినప్పుడు కాస్త వెనకాడాను. నేను డాక్టరును కాదు. ముప్ఫై ఏళ్లకు పైగా ఈ జిల్లాలో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయిన మనిషిని. ఈ విషయం మీద నేను చదివింది తక్కువ, చూసింది ఎక్కువ. చూసిన వాటిలో నేను స్వయంగా చేసిన ఒక తప్పు కూడా ఉంది. దాన్ని మీ ముందు పెడితే మీలో కొందరైనా అటువంటి తప్పు చేయకుండా ఉంటారన్న ఆశతో ఒప్పుకున్నాను.

ముందు మనం ఎవరి గురించి మాట్లాడుకుంటున్నామో చూద్దాం. విద్యార్థుల ఆత్మహత్యలు అనగానే పత్రికల్లో ఐఐటీలు, కార్పొరేట్ కాలేజీలు వస్తాయి. రావలసిందే. కానీ మన పిల్లల్లో ఎక్కువమంది అక్కడ లేరు. ఎదురుమొండి దీవిలో తెల్లవారుతూనే లేచి, పంటు మీద కృష్ణ దాటి, ఏటిమొగలో దిగి, బస్సు పట్టుకుని అవనిగడ్డ వచ్చే అమ్మాయి ఉంది. పెడనలో, గుడ్లవల్లేరులో ప్యాసింజరు ఎక్కి గుడివాడ వెళ్లే అమ్మాయి ఉంది. చిలకలపూడిలో అర్ధరాత్రి దాకా తల్లి పక్కన కూర్చుని రోల్డుగోల్డు గొలుసుల పని చేసి, పొద్దున్నే బందరు కాలేజీకి వచ్చే అమ్మాయి ఉంది. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలని ఉంటాయి. ఫీజు తక్కువ, ఊరికి దగ్గర, ఇంటి నుంచి వెళ్లి వచ్చి చదువుకోవచ్చు. మన డిగ్రీ కాలేజీలూ దాదాపు అటువంటివే. ఇంట్లో మొదటిసారిగా కాలేజీ గడప తొక్కిన పిల్లలు చదివే చోట్లు. 1843లో నోబుల్ బడి మొదలైన ఊరు మన బందరు. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల పుట్టిన ఊరు. గుడివాడకు 1950లోనే డిగ్రీ కాలేజీ వచ్చింది. 2008లో కృష్ణా విశ్వవిద్యాలయం వచ్చింది. చదువుకు మన ప్రాంతంలో లోటు లేదు. చదువుకునే పిల్ల మనసు సంగతి మాత్రం ఎవరి పద్దులోనూ లేదు.

ఉప్పెన తర్వాత ఎవరూ అడగని ప్రశ్న

నేను దివిసీమలో పుట్టాను. 1977 నవంబరు 19, శనివారం. నేను అప్పుడు ఏడో తరగతి. ఆ రాత్రి ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారని మీ అందరికీ తెలుసు. మా ఇల్లు అవనిగడ్డ దగ్గర కాబట్టి గోడలు కూలినా మనుషులం మిగిలాం. సముద్రం వైపు ఉన్న మా పెద్దమ్మ కుటుంబంలో ఒక్క మా అక్క మిగిలింది. ఆమెకు పదిహేనేళ్లు. తాడిచెట్టును పట్టుకుని రాత్రంతా ఉంది. తెల్లారేసరికి తల్లి లేదు, ఇద్దరు తమ్ముళ్లు లేరు.

అక్క మా ఇంటికి వచ్చింది. తర్వాత నెలల తరబడి సాయం వచ్చింది. బియ్యం వచ్చాయి, బట్టలు వచ్చాయి, దేశం నలుమూలల నుంచి మనుషులు వచ్చారు. శవాలు తీసిన వాళ్లకూ, ఇళ్లు కట్టిన వాళ్లకూ మేం రుణపడి ఉన్నాం. కానీ మా అక్కను పక్కన కూర్చోబెట్టుకుని ‘నిద్ర పడుతోందా అమ్మా’ అని అడిగిన వాళ్లు ఒక్కరు లేరు. చిన్న వాన పడితే చాలు, అక్క లేచి గుమ్మం పట్టుకుని నిలబడేది. మమ్మల్ని పడుకోనిచ్చేది కాదు. గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించారు. తగ్గకపోయేసరికి మరుసటి వేసవిలో పెళ్లి చేశారు. ‘సంసారంలో పడితే అన్నీ అవే సర్దుకుంటాయి’ అన్నారు. అక్క లెక్కల్లో తరగతికి మొదటిది. పదో తరగతి పరీక్ష రాయలేదు.

మా పెద్దవాళ్లు చెడ్డవాళ్లు కారు. వాళ్లకు తెలిసిన మందు అదే. ఆడపిల్లకు మనసు బాగోకపోతే పెళ్లి అనే ఆ మందు ఇప్పటికీ మన ఊళ్లలో వాడుకలో ఉంది. విపత్తుల తర్వాత మానసిక ఆసరా కూడా సహాయంలో భాగమని మన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ మార్గదర్శకాలు రాసింది 2009 డిసెంబరులో. ఒడిశా తుఫాను, సునామీ అయిపోయాక. మా అక్క అప్పటికి నలభై దాటింది.

సెలైను బాటిలుతో తగ్గని నీరసం

నేను లెక్చరరుగా చేరాక ప్రతి సంవత్సరం ఒక దృశ్యం చూశాను. క్లాసులోనో, బస్సు దిగగానేనో ఒక అమ్మాయి కళ్లు తిరిగి పడిపోతుంది. లేదా రోజూ తలనొప్పి, గుండెదడ, కడుపునొప్పి. అన్నం సయించదు. ఇంట్లో వాళ్లు ఆర్.ఎం.పి. దగ్గరకు తీసుకెళతారు. ఆయన ‘నీరసం’ అని ఒక సెలైను బాటిలు ఎక్కిస్తాడు. వచ్చే నెల మళ్లీ బాటిలు. రక్తహీనత ఉండొచ్చు, థైరాయిడ్ ఉండొచ్చు, అవి చూడాల్సిందే. అన్నీ బాగున్నాయని తేలాక కూడా పిల్ల పడిపోతుంటే మాత్రం ‘నాటకాలు’ అనేస్తారు. నోరు విప్పి చెప్పుకునే చోటు లేకపోతే ఆ బాధ ఒంట్లోంచే బయటికొస్తుంది. అది నాటకం కాదు.

చెప్పుకోలేని సంగతులు ఏమిటి? బస్సులో వెంటపడే వాడు. ఫోనులో ఫోటో పెట్టుకుని బెదిరించే వాడు. రొయ్యల చెరువు దెబ్బతిని తండ్రి నెత్తిన పడ్డ అప్పు, ఆ అప్పుతో పాటు పెరిగిన తాగుడు. ఇంటర్ దాకా తెలుగులో చదివి డిగ్రీలో ఒక్కసారిగా ఇంగ్లీషు పాఠాలు అర్థం కాక, తాను మొద్దునని తనకు తానే తీర్పు చెప్పుకోవడం. హాస్టల్లో కులం పేరుతో పడే మాట. అన్నిటికీ పైన, ‘ఈ ఏడాది సంబంధం చూస్తున్నాం’ అన్న మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. 2006 నుంచి బాల్యవివాహ నిషేధ చట్టం ఉండగానే ఇది జరిగింది. మన కాలేజీకి వచ్చే పిల్ల, పెళ్లయిపోయిన స్నేహితురాళ్ల మధ్య నుంచి వస్తోంది. ఆమెకు కాలేజీ అంటే చదువు ఒక్కటే కాదు, వాయిదా పడిన పెళ్లి కూడా. ఏ చిన్న గొడవ ఇంటికి తెలిసినా ఆ వాయిదా రద్దవుతుంది.

నేను చేసిన తప్పు

2011లో జరిగింది ఇది. అప్పుడు నేను పనిచేస్తున్న కళాశాల పేరు, ఊరు పేరు చెప్పను. ఆ అమ్మాయిని గుర్తుపట్టేలా ఏదీ చెప్పను. రెండో సంవత్సరం చదువుతోంది. బాగా చదివేది. రెండు నెలలుగా వెనకబెంచీకి మారింది. ఒకరోజు సాయంత్రం స్టాఫ్‌రూమ్‌లో ఎవరూ లేనప్పుడు వచ్చి ఏడ్చింది. బస్సులో ఒకడు వెంటపడుతున్నాడు, మాట్లాడకపోతే ఊళ్లో పేరు చెడగొడతానంటున్నాడు, రాత్రిళ్లు నిద్ర రావడం లేదు, బతకాలనిపించడం లేదు అంది. ‘మేడం, ఇంట్లో మాత్రం చెప్పకండి’ అని నా చేతులు పట్టుకుంది.

నేను భయపడ్డాను. బతకాలనిపించడం లేదన్న మాట విని ఊరుకోవడం తప్పనుకున్నాను. ఆ వరకు సరే. కానీ ఆ పిల్లతో కూర్చుని ఏం చేద్దామని అడగలేదు. మర్నాడు పొద్దున ప్రిన్సిపాలుకు చెప్పాను. ఆయన తండ్రిని పిలిపించారు. తండ్రి చేతులు కట్టుకుని విని, కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు. వెంటపడిన వాణ్ణి ఎవరూ పిలిపించలేదు. నెల తిరక్కుండా ముహూర్తం పెట్టారు. ముహూర్తానికి నాలుగు రోజుల ముందు ఆ పిల్ల ప్రాణం తీసుకోబోయింది. బతికింది. ఆసుపత్రిలో కడుపునొప్పి అని రాయించారు. ఎందుకంటే ఆత్మహత్యా ప్రయత్నం అప్పుడు నేరం. భారత శిక్షాస్మృతి 309వ సెక్షను కింద ఏడాది దాకా జైలు. పోలీసులు వస్తే సంబంధం చెడుతుందని వాళ్ల భయం. మానసిక వైద్యుడికి చూపించలేదు. వాయిదా వేసిన పెళ్లి రెండు నెలలకు జరిగిపోయింది.

చాలా ఏళ్ల తర్వాత బందరు బస్టాండులో కనిపించింది. చంకలో పిల్ల. నన్ను గుర్తుపట్టి నమస్కారం పెట్టింది. కోపం లేదు. మామూలుగానే అంది: ‘మీకు చెప్పకుండా ఉంటే నా డిగ్రీ అయిపోయేది మేడం.’

ఈ మాటను నేను చాలాసార్లు తలచుకున్నాను. అందులో మొత్తం సమస్య ఉంది. మన పిల్లలకు సాయం అడగడం తెలియదని మనం అనుకుంటాం. తెలుసు. అడిగితే ఏం జరుగుతుందో కూడా తెలుసు. చెబితే చదువు ఆగిపోతుంది. అందుకే చెప్పరు. కాలేజీలో కౌన్సెలరును పెట్టినా, గోడ మీద ఫోను నంబరు రాసినా, ఈ భయం పోకపోతే ఆ గది తలుపు ఏ అమ్మాయీ తట్టదు.

లెక్కకు రాని పిల్ల

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. అదే సంవత్సరం గృహిణులు 25,309 మంది. ఈ రెండు అంకెలను మనం విడివిడిగా చదువుతాం. నా విద్యార్థిని ఆనాడు పెళ్లికి ముందు పోయి ఉంటే ఏ లెక్కలోకి వచ్చేది? ఆసుపత్రి కాగితంలో కడుపునొప్పి కాబట్టి బహుశా ఏ లెక్కలోకీ రాదు. పెళ్లయ్యాక పోయి ఉంటే గృహిణుల లెక్క. చదువు మానిపించి పెళ్లి చేసిన పద్దెనిమిదేళ్ల పిల్ల ఆ రోజు నుంచి విద్యార్థిని కాదు. కాబట్టి గృహిణులని రాసిన గడిలో మన కాలేజీల నుంచి వెళ్లిపోయిన పిల్లలు కూడా ఉన్నారని నేను నమ్ముతాను. హాజరుపట్టీలో గీత కొట్టేసిన ప్రతి పేరు దగ్గరా మనం ఆగి, ఈమె ఏమైందని అడగాలి.

చట్టం ఏం చెబుతోంది

ఇప్పుడు చట్టం 2011 నాటిలా లేదు. ఈ మార్పు మన కార్యకర్తలందరికీ నోటికి రావాలి.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. 18వ సెక్షను ప్రకారం ప్రభుత్వం నడిపే, ప్రభుత్వ నిధులతో నడిచే మానసిక వైద్యసేవలు పొందడం ప్రతి మనిషి హక్కు. దారిద్ర్యరేఖకు దిగువనున్న వారికి ఉచితం. 23వ సెక్షను ప్రకారం చికిత్స పొందే వారి వివరాలు గోప్యంగా ఉంచాలి. ప్రాణాపాయం వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. 115వ సెక్షను ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి, శిక్షించకూడదు, ప్రభుత్వమే ఆదుకోవాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలో పాత 309వ సెక్షనే లేదు. ప్రభుత్వోద్యోగి విధులను అడ్డుకోవడానికో, ఒత్తిడి తేవడానికో చేసే ప్రయత్నం ఒక్కటే నేరంగా మిగిలింది. ఆసుపత్రిలో నిజం చెబితే జైలన్న భయం ఇక అక్కర్లేదు. నిజం చెబితేనే సరైన వైద్యం జరుగుతుంది, తర్వాత మానసిక వైద్యుడి దగ్గరకు దారి ఏర్పడుతుంది. ఈ ఒక్క సంగతి ప్రతి ఊళ్లో చెప్పినా కొన్ని ప్రాణాలు నిలుస్తాయి.

ఇక కాలేజీల సంగతి. 2023 జూలైలో విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న పదిహేడేళ్ల అమ్మాయి హాస్టల్లో మరణించింది. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన పిల్ల. తండ్రి న్యాయం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2025 జూలై 25న కోర్టు ఆ కేసు దర్యాప్తును సీబీఐకి అప్పగించడంతో పాటు, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలరో, మనస్తత్వ నిపుణులో, సామాజిక కార్యకర్తో ఉండాలి. అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. బోధన, బోధనేతర సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. మార్కుల ప్రకారం సెక్షన్లు విడదీయడం, అందరి ముందు అవమానించడం కూడదు. లైంగిక వేధింపులు, ర్యాగింగ్, కులవివక్ష మీద గోప్యంగా ఫిర్యాదు చేసే ఏర్పాటు ఉండాలి. ఫిర్యాదు చేసిన వారి మీద కక్షసాధింపు ఉండకూడదు. చట్టం వచ్చేదాకా ఇవి పాటించి తీరాలి. జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన కమిటీ వీటిని పర్యవేక్షించాలి. అంటే ఈ ఊళ్లో ఏ కాలేజీకి వెళ్లయినా ‘మీ కౌన్సెలరు ఎవరు’ అని అడిగే హక్కు మనకుంది.

కౌన్సెలింగ్ అన్న మాట గురించి ఒక చిన్న సంగతి. ‘కౌన్సెలింగ్ కావాలా’ అని ఒకసారి పిల్లలను అడిగితే ‘సీట్లదా మేడం?’ అన్నారు. మన రాష్ట్రంలో ఆ మాటకు మొదటి అర్థం ఇంజనీరింగు సీటు. రెండో అర్థం పోలీసుస్టేషన్లో భార్యాభర్తలను కూర్చోబెట్టి సర్దుకుపొమ్మని చెప్పడం. ఈ రెండూ కాని మూడో అర్థం పిల్లలు ఎప్పుడూ చూడలేదు. తీర్పు చెప్పకుండా, సర్దుకోమనకుండా, వాళ్లకూ వీళ్లకూ చేరవేయకుండా వినే మనిషి ఉంటుందని వాళ్లకు అనుభవంలోకి రావాలి.

మనకు దగ్గర్లో ఏముంది

మానసిక వైద్యం అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి రెండే పేర్లు, విశాఖ, ఎర్రగడ్డ. ఆ పేర్లు తిట్లుగా కూడా వాడతాం. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. 1996లో జిల్లా కార్యక్రమంగా మారినప్పుడు తీసుకున్న మొదటి నాలుగు జిల్లాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి మెదక్ ఒకటి. మన దాకా రావడానికి చాలా కాలం పట్టింది. 2023 సెప్టెంబరులో మచిలీపట్నంలో ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైంది. వైద్యకళాశాల ఆసుపత్రి అన్నాక మానసిక వైద్య విభాగం ఉండి తీరాలి. అక్కడ ఏ రోజుల్లో ఓపీ ఉంటుందో, ఎవరు చూస్తారో, మందులు ఉన్నాయో లేవో మన కార్యకర్తలు వెళ్లి కనుక్కుని ప్రతి కాలేజీలో చెప్పాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది. ఇది చిన్న విషయం కాదు. అంతకు ముందు అవనిగడ్డ నుంచి బందరు రావాలంటే ఆ పిల్ల ఎవరినో డబ్బులడగాలి, ఎందుకో చెప్పాలి. ఇప్పుడు కనీసం ఛార్జీ కోసం అబద్ధం ఆడనక్కర్లేదు.

2022 అక్టోబరు 10 నుంచి టెలీమానస్ అనే ఫోను సేవ ఉంది. నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. అయితే మన పిల్లల్లో సొంత ఫోను లేని వాళ్లున్నారు, ఉన్నా తమ్ముడు చూసే ఫోను. అందుకే కాలేజీలో తలుపేసుకుని మాట్లాడుకునే ఒక గది, ఒక ఫోను ఉండాలి.

వినేటప్పుడు

నా తప్పు నుంచి నేర్చుకున్నవి నాలుగు మాటలు చెబుతాను.

ఒకటి. పిల్ల నోరు విప్పకముందే మన హద్దులు చెప్పాలి. ‘నువ్వు చెప్పింది ఎవరికీ చెప్పను. నీ ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే మాత్రం ఒంటరిగా వదలను, అప్పుడు కూడా ఎవరికి చెప్పాలో ఇద్దరం కలిసి తేల్చుకుందాం.’ పద్దెనిమిదేళ్లలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేయక తప్పదు. ఈ సంగతి ముందే చెప్పాలి. విన్న తర్వాత చెబితే అది నమ్మకద్రోహం అవుతుంది. ఇంటర్ చదివే మైనరు పిల్లల చికిత్సలో సంరక్షకుల ప్రమేయం ఉంటుంది. అటువంటప్పుడు ఇంట్లో ఎవరి మీద నమ్మకముందో పిల్లనే అడగాలి. తండ్రి కాకపోతే తల్లి కావచ్చు, మేనత్త కావచ్చు.

రెండు. చచ్చిపోవాలని ఉందా అని అడగడానికి భయపడకూడదు. అడిగితే ఆ ఆలోచన పుట్టించినట్టవుతుందన్నది అపోహ. అడిగితే పిల్ల ఊపిరి పీల్చుకుంటుంది. అవునంటే ఆమెను ఒంటరిగా వదలకూడదు, అదే రోజు వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి. ఇంట్లో పురుగుమందులుంటే తాళం వేయించాలి, లేదా ఇల్లు దాటించాలి. ఆ ఘడియ గడిచిపోతే చాలామంది మళ్లీ బతుకులోకి వస్తారు. శ్రీలంకలో అత్యంత విషపూరితమైన పురుగుమందులను నిషేధించాక ఆత్మహత్యలు బాగా తగ్గాయి. మన పల్లెల్లో వరి పండించే ఇళ్లు చాలా ఉన్నాయి, కాబట్టి ఈ జాగ్రత్త మనకు మరీ అవసరం.

మూడు. మనం వైద్యులం కామని గుర్తుంచుకోవాలి. వారాల తరబడి నిద్ర, తిండి లేకపోవడం, ఎవరికీ వినిపించని మాటలు వినిపించడం, తనను తాను గాయపరచుకోవడం ఉంటే వైద్యుడే చూడాలి. మందులు మధ్యలో మానిపించకూడదు. అయితే జబ్బు పేరు అమ్మాయి నుదుట ముద్రగా మారకుండా చూడటం మన పని. పెళ్లయ్యాక ‘పిచ్చిది’ అని వదిలేయడానికి ఆ కాగితాలు వాడిన కేసులు మనకు తెలుసు. జబ్బు పేరు ఒక్కటే విడాకులకు చాలదని, అది కలిసి బతకలేనంత తీవ్రమైనదని రుజువు కావాలని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది.

నాలుగు. బాధకు కారణం బయట ఉన్నప్పుడు, పిల్ల మనసును మాత్రమే సరిచేయబోవడం అన్యాయం. బస్సులో వెంటపడే వాణ్ణి ఆపకుండా ఆమెకు ధైర్యం నేర్పితే ఏం లాభం? 2015లో నాగార్జున విశ్వవిద్యాలయంలో ర్యాగింగుకు ఒక విద్యార్థిని బలైంది. అప్పటికి మన రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చి పద్దెనిమిదేళ్లు. 2024 ఆగస్టు చివర్లో గుడివాడ దగ్గరి ఒక ఇంజనీరింగు కళాశాల హాస్టల్లో రహస్య కెమెరాలున్నాయన్న అనుమానంతో అమ్మాయిలు అర్ధరాత్రి నిరసనకు దిగారు. కెమెరాల ఆధారాలేవీ దొరకలేదని పోలీసులు తర్వాత ప్రకటించారు. కానీ వందలమంది అమ్మాయిలు తమ భయాన్ని రోడ్డు మీదికి వచ్చి అరిస్తే తప్ప వినే వాళ్లు లేరనుకున్నారు. మనం పట్టించుకోవలసింది అది. ఫిర్యాదుల కమిటీ పనిచేసే చోట కౌన్సెలరు పని సగం తగ్గుతుంది.

మనం అడగవలసినవి

ఈ సమావేశం తీర్మానాల్లో ఇవి చేర్చమని కోరుతున్నాను.

బందరు, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతాల్లోని ప్రతి జూనియర్, డిగ్రీ కాలేజీలో, సంక్షేమ హాస్టల్లో సుప్రీంకోర్టు చెప్పినట్టు కౌన్సెలరును నియమించాలి. ఆమె కాలేజీ యాజమాన్యం కింద జీతగత్తెలా కాకుండా స్వతంత్రంగా పనిచేసే వీలుండాలి.

కౌన్సెలరు దగ్గరికి వెళ్లిన అమ్మాయి పేరు ఇంటికి, యాజమాన్యానికి చేరవేయకూడదని రాతపూర్వకంగా నియమం ఉండాలి. ఆ కారణంతో హాజరు, హాస్టలు సీటు, స్కాలర్‌షిప్పు పోకూడదు.

చదువు మధ్యలో ఆగిన అమ్మాయి ఏ కారణంతో ఆగిందో కాలేజీ నెలలోగా కనుక్కుని, మళ్లీ చేర్చుకునే ఏర్పాటు చేయాలి.

కలెక్టరు కమిటీలో మహిళా సంఘాలకు, విద్యార్థినులకు చోటుండాలి. అవనిగడ్డకు వారానికి ఒకరోజయినా మానసిక వైద్యుడు రావాలి.

మగపిల్లల సంగతేమిటని అడుగుతారు. వాళ్లకూ ఇవన్నీ కావాలి. మగవాడు ఏడవకూడదని పెంచడం వల్ల వాళ్లూ నష్టపోతున్నారు. కాకపోతే మగపిల్లవాడు చెబితే చదువు ఆగదు. ఆ తేడా వల్లనే ఈ రోజు అమ్మాయిల గురించి మాట్లాడాను.

చివరగా మా అక్క మాట. 2025 అక్టోబరు 28న మొంథా తుఫాను తీరం దాటిన రాత్రి గాలి హోరుకు నాకు మెలకువ వచ్చింది. అక్కకు ఫోను చేశాను. ఒక్క రింగుకే ఎత్తింది. ‘నిద్ర పడుతోందా అక్కా’ అని అడిగాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత తాడిచెట్టు సంగతి, చిన్న తమ్ముడి చెయ్యి జారిపోయిన సంగతి, మొదటిసారి నాకు చెప్పింది. గంటన్నర చెప్పింది. పెట్టేసే ముందు, ‘ఇన్నాళ్లకు అడిగావే’ అంది.

రేపు మీరు వెళ్లే కాలేజీలో వెనకబెంచీలో ఒక అమ్మాయి ఉంటుంది. ఆమెను అంతకాలం ఎదురుచూడనివ్వకండి.

సెలవు.